వార్షిక నివేదిక: సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి సమర్పించినది

సభ్యులందరికీ నమస్కారం.

పార్కు, వీధి దీపాలు, నల్లా నీళ్ల సంగతి నెలనెలా చెప్పుకుంటున్నదే కాబట్టి మళ్లీ ఏకరువు పెట్టను. ఈ ఏడాది కాలనీ గట్టిగా చెప్పుకోదగ్గ పని, వినాయక మండపంలో హారతికి ముందు వినిపించిన మ్యాన్‌హోల్ కార్మికుల కథలు.

వాటిని ఏఐతో రాయించామని అందరికీ తెలుసు. ఎలాగన్నది తక్కువమందికి తెలుసు. ముందు కార్మికుల అంగీకారం తీసుకుని, ఫ్యాన్ ఆపిన గదిలో ఫోను జానెడు దూరంలో పెట్టి రికార్డు చేశాం. 'ఎలా అనిపిస్తుంది' అని అడిగితే మాట పెగలదు. 'మూత తీశాక మొదట ఏం చేస్తారు' అంటే గంట చెబుతారు. మాటల్ని అక్షరాల్లోకి మార్చే యాప్ 'తీసినం', 'దిగినం' లాంటివి సొంతంగా దిద్దేస్తుంది, అందుకే మనిషి కూర్చుని విని సరిచేయాలి. పేరు, బస్తీ, కాంట్రాక్టరు, బండి నంబరు తీసేశాకే ఏఐకి ఇవ్వాలి.

అసలు తిప్పలు అక్కడే మొదలు. వదిలేస్తే ఏఐ కార్మికుణ్ణి వీరుణ్ణన్నా చేస్తుంది, ఏడిపించనన్నా ఏడిపిస్తుంది. చివర ఇంటావిడ వచ్చి దండం పెట్టాల్సిందే. అది చదువుకున్న కథలు అలాంటివి మరి. చెప్పని సంఘటన చేర్చొద్దని, పోలికలు వద్దని, చదివితే మూడు నిమిషాలు దాటొద్దని ముందే షరతు పెట్టాం. అయినా మనిషిని దింపి, తర్వాత గ్యాస్ చూసినట్టు రాసింది. నిజానికి దిగకముందే ముందూ వెనకా ఉన్న మ్యాన్‌హోళ్ల మూతలు తీసి గాలి ఆడనివ్వాలి, గ్యాస్ మీటరును తాడుతో దింపి పైన, మధ్యలో, అడుగున చూడాలి. కుళ్లిన గుడ్డు వాసన ఆగితే గ్యాస్ పోయినట్టు కాదు. ఆ వాసన తెచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ గాలిలో 100 పీపీఎం (పది లక్షల వంతుల్లో వంద) దాటితే ముక్కే మొద్దుబారుతుంది. మండపంలో కబుర్లు ఆగింది ఈ వాక్యం దగ్గరే.

ప్రతి కథనూ ముందు కార్మికులకే వినిపించాం. జాలి మాటలు కొట్టేయమన్నారు. మనం కమోడ్‌లో వేసే ప్యాడ్లు, వైప్స్, సింకులో పోసే నూనె లైనును ఎలా బిగించేస్తాయో మాత్రం తీయొద్దని పట్టుబట్టారు.

మనుషులతో పాకీ పని చేయించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం రక్షణ పరికరాలు లేకుండా మనిషిని దింపడం నేరం. సెప్టిక్ ట్యాంకున్న మన ఇంటి యజమానులకూ ఇది వర్తిస్తుంది. ప్రాణం పోతే కుటుంబానికి 30 లక్షలు ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది.

మండపం కమిటీకి, మైకు ఉచితంగా ఇచ్చిన టెంట్‌హౌస్ వారికి, కథలు చదివిన, పులిహోర చేసిన మహిళా విభాగానికి, ముందు వరుసలో కూర్చున్న కార్మికుల కుటుంబాలకు కృతజ్ఞతలు. ఆహ్వానం అందుకుని రశీదు సంతకం పెట్టిన అధికారి కుర్చీ మాత్రం చివరిదాకా ఖాళీగానే ఉంది. వాట్సాప్‌లో బొటనవేలు ఎత్తిన వాలంటీర్లలో చాలామంది, విని దిద్దే పని మొదలవగానే ఫోనెత్తడం మానేశారు. పేరు ఇచ్చాక రావాలండీ.

జమాఖర్చులు ఆడిటరు సంతకంతో నోటీసు బోర్డులో ఉన్నాయి. కార్మికులకిచ్చిన గౌరవ వేతనానికి వోచర్లున్నాయి, ఏఐ చందా 'ఇతరములు' కింద ఉంది. మెయింటెనెన్సు బాకీదారులు దయచేసి కట్టగలరు.

వచ్చే ఏడాది చెత్తబండి కార్మికుల కథలు చేయాలన్న తీర్మానం మీ ముందుంచుతున్నాను. చేతులెత్తేవారు రికార్డింగుకు వచ్చే ఆదివారాలు కూడా రాసివ్వాలి.