బుజ్జికి, అరకు వెళ్ళొచ్చాక

బుజ్జీ,

ఎలా ఉన్నావు? ఫోన్ చేస్తే మీటింగ్‌లో ఉన్నానమ్మా అంటావు, మెసేజ్ పెడితే నీలం టిక్కులు పడతాయి గాని జవాబు రాదు, అందుకే ఇలా పొడుగ్గా రాస్తున్నా, పడుకునే ముందైనా చదువు. ఇక్కడ అందరం బావున్నాం. నాన్న బీపీ బిళ్ళలు టైముకే వేసుకుంటున్నారు. పెరట్లో సీతాఫలం ఈసారి విరగకాసింది, కోతులు ఉంచితే నీకూ పంపిస్తా. నీ దగ్గర మంచి స్వెటర్ ఉందా? ఊరికే అడుగుతున్నా, బెంగుళూరులో చలి మొదలైందేమోనని.

దసరా సెలవులకి స్వప్న పండుగాణ్ణి మా దగ్గర దింపి వెళ్ళింది కదా, వాడు రైలు సొరంగాలు చూడాలని ఒకటే గొడవ. నాన్న మోకాళ్ళ నొప్పులతో రానన్నారు, సరే అని నేనే వాణ్ణి తీసుకుని బయల్దేరా. సామర్లకోటలో ఎక్కి సాయంత్రానికి వైజాగ్, రాత్రికి పెదవాల్తేరులో సుబ్బులత్తయ్య ఇంట్లో పడుకున్నాం, పొద్దున్నే కిరండూల్ పాసింజరు. వాడికీ సీటు కావాలిగా, అయిదేళ్ళు దాటాక సొంత బెర్తు కావాలంటే ఫుల్ టికెట్టే, 2016 నుంచీ అంతే. వాడు మాట్లాడే మాటలకి రెండు టికెట్లు తీసుకున్నా తప్పులేదు.

కొత్తవలస దాటాక మొదలెట్టాడు. ఆ గూడ్సు బండి ఎందుకంత పొడుగు, అందులో ఎర్రమట్టి ఎందుకు, ఎక్కడికి తీసుకెళ్తారు. నాకు తెలిసింది చెప్పా, అది మట్టి కాదురా బైలడిల్లా ఇనుప ఖనిజం, దాన్ని వైజాగ్ రేవుకి తెచ్చి జపాన్ పంపడానికే 1960ల్లో ఈ కొండల్ని తొలిచి లైను వేశారు అని. జపాన్ వాళ్ళకి కొండలు లేవా అన్నాడు. ఎస్.కోట, బొడ్డవర దాటి బండి కొండెక్కాక సొరంగాలు వచ్చాయి చూడు, ఇక వాడు ఒకటీ రెండూ అని అరుస్తుంటే బోగీలో పిల్లలందరూ వచ్చి మా కిటికీ దగ్గర చేరారు. చీకటి పడగానే కేకలు, వెలుగు రాగానే నంబరు. మొత్తం యాభై ఎనిమిది అంటారు, వీడు ముప్పై దగ్గర కబుర్లలో పడి లెక్క తప్పాడు, అక్కడినుంచి పెద్దవాళ్ళలోనే తగువు, ముప్పై ఒకటని ఒకరు, కాదు ముప్పై మూడని ఒకరు.

నేను మాత్రం ఒక్క లోయ కూడా తీరిగ్గా చూడలేదు. టైడా దగ్గర ఆకుపచ్చ కొండమీద మబ్బు దిగుతోంది, అయ్యో ఎంత బావుందీ అని తల తిప్పేలోపు అమ్మమ్మా అమ్మమ్మా అని మోచెయ్యి పట్టి లాగడమే.

ఒక్కదాన్నే వెళ్ళే రోజులు గుర్తొచ్చాయి. పదో తరగతి పేపర్లు దిద్దడానికని, ట్రైనింగులకని రాత్రి బళ్ళలో ఎన్నిసార్లు వెళ్ళలేదు నేను. బ్యాగు తలకింద పెట్టుకుని పడుకోవడం, గోదావరి బ్రిడ్జి మీదకి రాగానే చక్రాల చప్పుడు మారుతుంది చూడు, దానికి మెలకువ వచ్చి చిల్లర వేసి దణ్ణం పెట్టుకుని మళ్ళీ దుప్పటి కప్పుకోవడం. ఆకలేస్తే తినడం, లేకపోతే మానెయ్యడం, అమ్మా అని పిలిచేవాళ్ళు లేరు, కూరలో ఉప్పు తక్కువైందనేవాళ్ళు లేరు. అందులో ఎంత హాయి ఉందో నాకు బాగా తెలుసు. కాబట్టి ఒంటరిగా ప్రయాణం చేసే ఆడపిల్లల్ని చూసి బుగ్గలు నొక్కుకునే మనిషిని కాను నేను, ఆ సంగతి నువ్వు గుర్తుపెట్టుకో.

ఎస్.కోటలో జామకాయల బుట్టతో ఒక పెద్దావిడ ఎక్కింది, విజయనగరం వాళ్ళ కుటుంబం ఒకటి అప్పటికే మా ఎదురుగా ఉంది. పండుగాడికి పావుగంట చాలలేదు, వాళ్ళ స్కూలు, వాళ్ళ డాడీ ప్రమోషను, తాతయ్య మోకాళ్ళు, నాకు షుగరు, నీలం సంచిలో బిస్కెట్లు ఉన్న సంగతి, అన్నీ అయిపోయాయి. ఆ తర్వాత ఆ పెద్దావిడ మీ ఇంట్లో ఇంకా ఎవరున్నారు బాబూ అంటే అన్నాడూ, "మా బుజ్జిపిన్ని ఉంది, దీపావళి అయ్యాక ఒక్కతే మంచుకొండలకి వెళ్తుంది, స్పితి, అమ్మమ్మకి చెప్పొద్దని మా అమ్మతో ఫోన్‌లో చెప్పింది" అని.

నేను అప్పుడేం మాట్లాడలేదు. వాడి చేతిలో జామకాయ పెట్టా. బోగీలో ముక్కూ మొహం తెలియని వాళ్ళకి తెలిశాక నాకు తెలిసింది బుజ్జీ.

సరే, అది తర్వాత. అరకులో దిగే ముందు శిమిలిగూడ స్టేషను వస్తుంది, 996 మీటర్ల ఎత్తు, మన దేశంలో బ్రాడ్‌గేజ్ స్టేషన్లలో అదే ఎత్తైనదని ఒకప్పుడు గొప్పగా చెప్పుకునేవాళ్ళు. నువ్వు వెళ్తానన్న స్పితిలో, అదే హిమాచల్‌లో, కాజా ఊరు దానికి మూడున్నర రెట్లు పైనే ఎత్తంట. అంత పైకి గబగబా వెళ్తే తలనొప్పి, వాంతులు, ఊపిరాడకపోవడం వస్తాయి, వయసులో ఉన్నవాళ్ళని కూడా వదలదు. మనాలి వైపు నుంచి ఒక్కసారిగా ఎక్కకు, ఆ దారిలో ఉండే కుంజుం కనుమ చలికాలం మంచుకి మూసేస్తారు కూడా. సిమ్లా, కిన్నౌర్ మీదుగా రెండు మూడు చోట్ల రాత్రి ఆగుతూ వెళ్ళాలి. ఇవన్నీ నీకు తెలిసే ఉంటాయి, అయినా రాస్తున్నా.

అరకులో వలిసె పూలు అప్పుడే పచ్చబడుతున్నాయి. పండు పుణ్యమా అని విజయనగరం వాళ్ళూ మేమూ కలిసి ఒక సుమో మాట్లాడుకున్నాం, మ్యూజియం, అనంతగిరి కాఫీ తోటలు చూసుకుంటూ బొర్రా గుహలకి దిగాం. గుహ పైన రైలు వెళ్తుంది అంటే వీడు నమ్మడే, పైకి చూస్తూ అక్కడే నిలబడిపోయాడు. లోపల తేమ, మెట్లు జారుడు, శివలింగం దగ్గరికి ఎక్కుతుంటే నాకు ఒక్కసారిగా చెమటలు పట్టి కళ్ళు తిరిగాయి. పొద్దున్న ఇడ్లీ సయించలేదు, షుగరు బిళ్ళేమో వేసుకున్నా, షుగరు పడిపోయింది, అదన్నమాట. కంగారు పడకు, పది నిమిషాల్లో తేరుకున్నా, వచ్చాక డాక్టరుకి కూడా చూపించుకున్నా. నేను చెప్పేది ఏంటంటే, నాకు నోట మాట రాలేదు, ఎవరికీ ఏమీ చెప్పలేదు, కానీ ఆ విజయనగరం అమ్మాయి చటుక్కున నా నీలం సంచి తెరిచి, "ఆంటీకి షుగరు కదా" అని బిస్కెట్టు నోట్లో పెట్టింది, వాళ్ళాయన పండుగాణ్ణి ఎత్తుకున్నాడు, వాడు ఏడుస్తూనే తాతయ్య ఫోన్ నంబరు గడగడా చెప్పేశాడంట.

రాత్రంతా అదే ఆలోచించా. ఒక్కదాన్నే వెళ్ళుంటే కొండలన్నీ కళ్ళారా చూసేదాన్ని, కానీ ఆ మెట్ల మీద నేనెవరో ఎవరికీ తెలిసేది కాదు. అందుకని నేను వెళ్ళొద్దు అనట్లేదు బుజ్జీ. ఒక్కదానివే వెళ్తే పండుగాడు చేసే పని కూడా నువ్వే చేసుకోవాలి. చెవుల్లో ఆ ఇయర్‌ఫోన్లు తీసి డ్రైవర్‌ని ఏ ఊరు అన్నా అని అడుగు. బస చేసిన ఇంటి ఆవిడతో కాసేపు వంటింట్లో కూర్చో, రేపు ఎటు వెళ్తున్నావో, ఎన్నింటికి వస్తావో ఆవిడకి చెప్పి వెళ్ళు. ఒక్కదాన్నే వచ్చానని, ఫలానా రూములో ఉన్నానని దారిన పోయే ప్రతివాడికీ చెప్పమనట్లేదు, మనిషిని చూసి చెప్పు, ఆడవాళ్ళకి చెప్పు, పిల్లలున్న వాళ్ళకి చెప్పు. నీ బ్లడ్ గ్రూపు, నా నంబరు, నాన్న నంబరు కాగితం మీద రాసి పర్సులో పెట్టుకో, ఫోన్ చార్జింగ్ అయిపోతే కాగితమే దిక్కు. అక్కడ అన్ని సిమ్ములూ అందవంట, ఏది అందుతుందో కనుక్కుని ఒకటి తీసుకో. రైల్లో ఏదైనా ఇబ్బంది అయితే 139, బయటైతే 112. నీకు పెన్సిలిన్ పడదని మర్చిపోకు, కాగితంలో అది పైన రాయి.

ఇంక క్లాసు పీకనులే.

నాన్నకి ఇంకా చెప్పలేదు. ముందు నువ్వు నాకు ఫోన్ చెయ్యి, ఏ తారీఖున బయల్దేరుతున్నావు, ఏ ఊళ్ళో ఏ రాత్రి ఉంటావు, మొత్తం పెట్టు, నాన్నతో నేను మాట్లాడతా. ఆయన మొదట అరుస్తారు, తర్వాత ఆయనే టార్చిలైటు కొనుక్కొస్తారు. స్వప్నని ఏమీ అనకు, పండుగాణ్ణి అసలే అనకు, బుజ్జిపిన్ని తిడుతుందా అని ఇప్పటికి నాలుగుసార్లు అడిగాడు.

సున్నుండలు, కందిపొడి, కొబ్బరి లౌజు పార్సిల్ వేశా. కొండల్లో తినడానికి సున్నుండలు సగం దాచుకో, నీ ఫ్రెండ్స్ అందరికీ పంచెయ్యకు. ఊలు సాక్సులు రెండు జతలు అడుగున ఉన్నాయి, మరీ పల్చటివి వేసుకెళ్ళకు. ఆదివారం పొద్దున్న తొమ్మిదికి ఫోన్ దగ్గరే కూర్చుంటా.

అమ్మ