ఆయన పని పేరేమిటి, మంత్రి గారూ?

తెలంగాణ పర్యాటక శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

నేను ఉప్పల్‌లో ఒక ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. వారంలో ఐదున్నర రోజులు రక్తం తీయడం, రిపోర్టులు రాయడం. మిగిలిన రోజున్నర పదకొండేళ్ళుగా భువనగిరి గుట్ట మీదే గడిచింది. ఆ గుట్ట మీద నాకు ఎక్కడం నేర్పిన మా సార్ గురించి మీకు ఈ ఉత్తరం రాస్తున్నాను. శ్రావణ మాసంలో ఒక తెల్లవారుజామున ఆయన ఇంట్లోనే గుండెపోటుతో పోయారు. నలభై ఏడేళ్ళు. ఇంట్లోనే అని ముందే చెప్తున్నాను, ఎందుకంటే కబురు తెలిసి ఫోన్ చేసినవాళ్ళలో సగం మంది మొదట అడిగింది "ఎక్కడ పడ్డాడు?" అనే. ఇరవై రెండేళ్ళలో ఆయన కింద తాడు పట్టుకొని ఎక్కించిన మనిషి ఒక్కరు కూడా నేలకు తగల్లేదు.

ఆయన పేరు ఇందులో రాయడం లేదు. అక్క, అంటే సార్ భార్య, వద్దంది. "పేరు నలుగుర్ల పడితే అప్పులోళ్ళు గూడ చదువుతరు" అంది.

కర్మకాండలు అయ్యాక, ఇంటిని పోషించే మనిషి చనిపోతే పేద కుటుంబానికి కేంద్రం ఇచ్చే ఇరవై వేల కోసం దరఖాస్తు పెట్టడానికి అక్కను తీసుకొని ఒక కంప్యూటర్ సెంటర్‌కు వెళ్ళాను. అక్కడి అబ్బాయి వివరాలన్నీ టైపు చేసుకుంటూ వచ్చి, "ఏం పని చేసేటోడు?" అని అడిగాడు. అక్క కొంచెం ఆలోచించి, "పిల్లలకు గుట్టలెక్కుడు నేర్పేటోడు" అంది. అతను చేతులు ఆపి నా వైపు చూశాడు. రాక్ క్లైంబింగ్ ఇన్‌స్ట్రక్టర్ అని చెప్పాను. అతని లిస్టులో అది లేదు. టీచర్ అని పెడదామంటే ఏ స్కూలు అన్నాడు. కోచ్ అంటే ఏ అసోసియేషన్ అన్నాడు. వెనకాల క్యూ పెరుగుతోంది. చివరికి మంచి మనసుతోనే, "కూలీ అని పెడ్తున్న మేడం, జల్ది పాసైతది" అని పెట్టేశాడు. కూలీ అన్న మాటకు నాకేం చిన్నతనం లేదు. సార్ చాలా ఏళ్ళు కూలికి పోయారు, ఆ సంగతి దాచుకునేవారు కూడా కాదు. కానీ బయటికొచ్చాక అక్క ఆ రసీదును రెండుసార్లు చదివి, "ఇరవై ఏండ్లు పొద్దుగాల్నే లేచి పోయిండు గదా, మరి గదేం పని?" అని నన్ను అడిగింది. నేను చెప్పలేకపోయాను. అందుకే మీకు రాస్తున్నాను.

సార్‌ది గీత కార్మికుల ఇల్లు. ఆయన తొమ్మిదో తరగతిలో ఉండగా వాళ్ళ నాయిన తాటిచెట్టు మీది నుంచి పడ్డారు. తుంటి విరిగింది, మళ్ళీ చెట్టెక్కలేదు. మూడేళ్ళు ఆ మోకు, ముస్తాదు సార్ కట్టుకున్నారు. తర్వాత ఒక చలికాలం హైదరాబాద్ నుంచి కొందరు రంగురంగుల తాళ్ళు వేసుకొని గుట్టకు వస్తే, వాళ్ళ బ్యాగులు మోయడానికి పోయారు. నువ్వెక్కుతావా అని ఎవరో నవ్వులాటకు అడిగారు. చెప్పులు విడిచి నలభై అడుగులు ఎక్కేశారట. ఎక్కాక దిగడం రాలేదు. చెట్టు మీది నుంచి కళ్ళు మూసుకొని దిగే మనిషి ఆ నున్నటి బండ మీద బల్లిలా అతుక్కొని ఉండిపోతే, పైనుంచి తాడు వేసి దింపారు. ఈ కథ ఆయన ప్రతి బ్యాచ్‌కూ మొదటి రోజే చెప్పేవారు. చెప్పి, "ఎక్కుడు అందరికి వస్తది బిడ్డా, దిగుడే నేర్చుకోవాలె" అనేవారు. అందుకే మా అందరికీ ఎక్కడం కన్నా ముందు ర్యాపెల్లింగ్, అంటే తాడు మీద దిగడం, నేర్పారు.

మీరు వరంగల్ హైవే మీద పోతూ ఆ గుట్టను వందసార్లు చూసి ఉంటారు. చాళుక్య రాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుడు పైన కోట కట్టించిన ఏకశిల, దూరానికి బోర్లించిన కోడిగుడ్డులా ఉంటుంది. దగ్గరికి పోతే పట్టుకోవడానికి ఏమీ దొరకదు. చేతుల బలం నమ్ముకొని వచ్చిన జిమ్ కుర్రాళ్ళు మొదటి పదిహేను అడుగుల్లోనే జారిపోతారు. భయమేస్తే ఎవరైనా చేసేది రాయిని కౌగిలించుకోవడం. అలా చేస్తే బరువు పాదాల మీది నుంచి తప్పుకుంటుంది, కాళ్ళు జారతాయి. సార్ కింది నుంచి అరిచేవారు: "దాన్ని పట్టుకోకు, దానికి దూరం జరుగు, మడిమెలు కిందికి దించు!" ఒళ్ళంతా వద్దంటున్నప్పుడు రాయికి దూరం జరగడం నాకు రావడానికి నాలుగు ఆదివారాలు పట్టింది.

ఎక్కేవాళ్ళకూ కింద తాడు పట్టుకున్నవాళ్ళకూ మధ్య కొన్ని మాటలుంటాయి. మన దగ్గర అవి ఇంగ్లిష్‌లోనే అనేవారు. గురుకులాల నుంచి వచ్చిన పిల్లలు టెన్షన్‌లో ఆ మాటలు తారుమారు చేయడం చూసి సార్ వాటిని మన మాటల్లోకి మార్చేశారు. "పట్టినవా?" "పట్టిన." "ఎక్కుతున్న." "ఎక్కు." తాడు బిగించాలంటే "గుంజు", వదులు కావాలంటే "ఇడువు". ఇప్పటికీ ఆ గుట్ట మీద సార్ దగ్గర నేర్చుకున్నవాళ్ళెవరో పిలుపు వింటే తెలిసిపోతుంది. హైదరాబాద్ క్లైంబర్లు మొదట నవ్వారు. తర్వాత వాళ్ళలోనూ కొందరు "గుంజు" అనడం మొదలుపెట్టారు.

నేను ఆయన దగ్గరికి వచ్చింది 2014 చలికాలంలో. ఆ ఏడాది మే 25న మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్ట్ ఎక్కారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్ళు కూడా నిండలేదు. వాళ్ళిద్దరూ తొలి పాఠాలు నేర్చుకున్నది భువనగిరిలోనే అని చదివి, బస్సెక్కి వచ్చేశాను. నాలుగేళ్ళు నేర్చుకున్నాక ఒకరోజు సార్ తన తాడు నా చేతికిచ్చారు. ఆయన డెబ్బై రెండు కిలోలు, నేను నలభై తొమ్మిది. బండ మీద యాభై అడుగుల ఎత్తుకు పోయాక ఏమీ చెప్పకుండా, ఏ పిలుపూ లేకుండా చేతులు వదిలేశారు. తాడు నన్ను నేల మీది నుంచి నాలుగడుగులు పైకి లాక్కుపోయి రాయికి కొట్టింది. మోచేయి చీరుకుపోయింది, కానీ తాడు మీద చెయ్యి మాత్రం వదల్లేదు. పైన గాలిలో ఊగుతూ ఆయన నవ్వుతున్నారు. "పట్టినవ్ బిడ్డా" అన్నారు. ఆ రోజు నేను ఆయన మీద చాలా కోప్పడ్డాను. అది తప్పు పద్ధతి అని ఇప్పటికీ అంటాను, నా దగ్గర నేర్చుకునే పిల్లల మీద ఆ పరీక్ష పెట్టను. కానీ ఆ తర్వాతి నుంచి క్యాంపుల్లో మేమిద్దరం జంట. ఆయన ముందు పోతే నేను కింద, నేను ముందు పోతే ఆయన కింద.

ఆయన ఇంట్లో గోడకు పేపర్ కటింగ్ ఒకటి ఉండేది. మల్లి మస్తాన్ బాబుది. నెల్లూరు జిల్లా గాంధీ జన సంఘం అనే ఊరి నుంచి వెళ్ళి, 2006లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కిన మనిషి. 2015 మార్చిలో ఆండీస్‌లో, అర్జెంటీనా, చిలీ సరిహద్దు మీదున్న శిఖరానికి ఒంటరిగా పోయి తిరిగి రాలేదు. ఏప్రిల్‌లో దేహం దొరికింది. సార్ ఆయన్ని ఎప్పుడూ కలవలేదు. అయినా ఆ వారం క్యాంపులో అన్నం తినలేదు. కటింగ్ చూపించి ప్రతి పిల్లాడికీ చెప్పే కథ మాత్రం వేరే ఉండేది. మస్తాన్ బాబు చదివిన కోరుకొండ సైనిక్ స్కూల్లో ఒక పూర్వ విద్యార్థి విగ్రహం ఉంది. లెఫ్టినెంట్ ఉదయ భాస్కర రావు, 1985లో ఎవరెస్ట్ మీద చనిపోయిన ఐదుగురు సైనికాధికారుల్లో ఒకరు. ఆ విగ్రహం చూసే పిల్లవాడైన మస్తాన్ బాబుకు కొండల మీద మనసు పడింది. "సచ్చిపోయినోడు గూడ పాఠం చెప్పిండు సూడు" అని సార్‌కు అదొక వింత.

శిఖరం మీద చనిపోయినవాళ్ళ పేర్లయినా ఇలా నిలుస్తాయి. నేర్పుతూ పోయినవాళ్ళ సంగతి వేరు. 2022 మేలో పదహారు రోజుల తేడాతో ఎవరెస్ట్, మకాలూ రెండూ ఎక్కిన సవితా కన్స్వాల్ అదే ఏడాది అక్టోబర్ 4న ఉత్తరాఖండ్‌లో, ద్రౌపది కా దండా మీద మంచు విరుచుకుపడినప్పుడు చనిపోయింది. ఆ రోజు ఆమె రికార్డు కోసం పోలేదు. ఉత్తరకాశీ పర్వతారోహణ సంస్థ ట్రైనీలను తీసుకెళ్ళిన శిక్షకురాలు. ఆమె సంగతి మనవాళ్ళలో ఎంతమందికి తెలుసు?

ఇక మా సంగతి. క్యాంపు ఉంటే ఆ రోజుకు కూలి ఉంటుంది, లేకపోతే లేదు. ఎండాకాలం నాలుగు నెలలు బండ కాలిపోతుంది, అప్పుడు పనే ఉండదు. మేం పనిచేసిన చాలా క్యాంపుల్లో వచ్చిన పిల్లలకు ఆ ఒక్కరోజుకు ఇన్సూరెన్స్ కట్టేవారు. ఆ జాబితాలో తాడు పట్టే మనిషి పేరు ఒక్కసారి కూడా చూడలేదు. సార్‌కు ఛాతీలో నొప్పి మొదలై నెల దాటిందట. పరీక్షలకు డబ్బులవుతాయని నాకు కూడా చెప్పలేదు. మంత్రి గారూ, నేను ల్యాబ్‌లో పనిచేస్తాను. ఆ పరీక్షలు నేను చేయించలేనా? ఈ మాట మీతో అనాల్సింది కాదు, కానీ ఎవరితో అనాలో తెలియడం లేదు.

2024 జూలైలో మీ ప్రభుత్వం గీత కార్మికులకు 'కాటమయ్య రక్షణ కవచం' కిట్లు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు సార్ ఆ వీడియోను ఎన్నిసార్లు చూశారో లెక్కలేదు. తాళ్ళు, స్లింగులు, హుక్కులు అన్నీ మా బ్యాగులో ఉండేలాంటివే. వాళ్ళ నాయినను మంచం మీద కూచోబెట్టి ఫోన్‌లో చూపించారట. తన ఒంటి మీద తానే హార్నెస్ కట్టుకొని ఇంటి ముందు తాటిచెట్టు సగం ఎక్కి చూపించారట కూడా. ఒక పనిని ప్రభుత్వం పనిగా గుర్తిస్తే ఏమవుతుందో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. చెట్టు మీది నుంచి పడితే ఎక్స్‌గ్రేషియా ఉంది, సొసైటీ ఉంది, లైసెన్స్ ఉంది. కొడుకు చెట్టు దిగి బండ ఎక్కేసరికి అవన్నీ పోయాయి.

ఇప్పుడు ఆ గుట్టకు రోప్‌వే రాబోతోంది. కేంద్ర పర్యాటక పథకం స్వదేశ్ దర్శన్ కింద కోట అభివృద్ధికి రూ.56.81 కోట్లు మంజూరయ్యాయని చదివాం. నేను దానికి వ్యతిరేకం కాదు. మెట్లెక్కలేని మా అమ్మ కూడా పైనుంచి ఊరు చూస్తుంది. ఆ తాడుకు టెండర్ ఉంటుంది, ఇంజనీర్లు ఉంటారు, తనిఖీలు ఉంటాయి, ఉండాలి కూడా. అదే గుట్టకు ఇంకో పక్కన పిల్లలు వేలాడే తాళ్ళు రాతిలో దిగేసిన బోల్టులకు కడతాం. ఒక్కో వాన దాటేసరికి కొన్ని తుప్పు పడతాయి. దసరా దాటగానే సార్ సుత్తి పట్టుకొని ఒక్కొక్కదాన్నీ కొట్టి, చప్పుడు విని, అనుమానం వచ్చినదాన్ని తన డబ్బుతో మార్చేవారు. ఈ దసరాకు ఎవరు కొడతారు? నేనే కొట్టాలి, కానీ చప్పుడు విని చెప్పే చెవి నాకింకా రాలేదు.

కాబట్టి అడుగుతున్నాను. రోప్‌వే పని మొదలయ్యే ముందే మేం ఎక్కే ముఖాన్ని కొలిచి, అక్కడ డ్రిల్లింగ్ పడకుండా గుర్తు పెట్టించండి. ఆ యాభై ఆరు కోట్లలోంచే బోల్టులకు ఏటా ఒక తనిఖీ రాయించండి, గుట్ట కింద ఒక స్ట్రెచర్, ఫస్ట్ ఎయిడ్ పెట్టె పెట్టించండి. ఇప్పుడు ఎవరికైనా కాలు విరిగితే దుప్పట్లో మోసుకొస్తున్నాం. అన్నిటికన్నా ముందు కావాల్సింది ఒక రిజిస్టర్. రాష్ట్రంలో తాడు పట్టి నేర్పేవాళ్ళెవరు, ఏం నేర్చుకున్నారు, ఎన్నేళ్ళుగా చేస్తున్నారు, ఇంతే. అందులో పేరున్నవాళ్ళకు బీమా, ఏడాదికోసారి ఆరోగ్య పరీక్ష. దీనికి పెద్ద జీవో అక్కర్లేదేమో, మీ శాఖలో ఒక గుమాస్తా రెండు నెలలు కూచుంటే అయిపోయే పని. అప్పుడు ఆ కంప్యూటర్ సెంటర్ అబ్బాయి లిస్టులో ఒక లైను పెరుగుతుంది.

సార్ ప్రతి తాడుకూ ఒక నోటుబుక్కులో లెక్క రాసేవారు. కొన్న తేదీ, ఎన్ని పడిపోవడాలు ఆపింది, ఎక్కడ నలిగింది. వయసైపోయిన తాడును ఎవరూ మళ్ళీ ఎక్కడానికి వాడకుండా ముక్కలు కోసి, బర్రెలు కట్టేసుకోమని ఊళ్ళోవాళ్ళకు ఇచ్చేవారు. ఆయన చివరి తాడు, అరవై మీటర్లది, నా దగ్గరుంది. నోటుబుక్కు ప్రకారం దాన్ని ఈ సంక్రాంతికి కోసేయాలి.

అంతకుముందు ఒక్కసారి రండి. డిసెంబర్‌లో ఏ ఆదివారమైనా సరే. హెల్మెట్, హార్నెస్ మా దగ్గరున్నాయి, బూట్ల సైజు మాత్రం ముందే చెప్పాలి. పొద్దున ఆరున్నరకల్లా గుట్ట కిందికి వస్తే మంచిది, ఎండెక్కితే రాయి కాలుతుంది. పైకి పోయేటప్పుడు "పట్టినవా?" అని అడగండి. కింద నేనుంటాను.

ఇట్లు,
భువనగిరి గుట్ట మీద తాడు పట్టే ఒకామె