పాట రాసినవాళ్లకు పేరుండదా?

సంపాదకులు గారికి,

మీ ఆదివారం అనుబంధంలో, చర్చిపాటలు రాసిన అమెరికా అంధ కవయిత్రి ఫ్యానీ క్రాస్బీ మీద వచ్చిన వ్యాసం చదివి ఊరుకుందామనుకున్నాను. కానీ ఇప్పుడది మా సంఘం వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది, మా కాయర్ (చర్చి గాయక బృందం) పిల్లలు అందులో ఉన్నదంతా నిజమనుకుంటున్నారు, అందుకని రాయక తప్పట్లేదు.

వ్యాసంలో సగం ఆమె కళ్ల గురించే. ఆరు వారాల పసికందుకు ఎవరో వైద్యుణ్నని చెప్పుకున్నాయన ఆవాల పట్టు వేయడం, చూపు పోవడం, తల్లి కన్నీళ్లు... అయ్యో పాపం అనిపించడానికి తప్ప ఇదంతా ఎందుకండీ? 1835లో న్యూయార్క్ అంధుల పాఠశాలలో చేరి, తర్వాత అక్కడే పదేళ్లకు పైగా పాఠాలు చెప్పిన టీచరమ్మ ఆవిడ. ఎనిమిది వేలకు పైగా పాటలు రాసింది. ఈ అంకె వేశారు, సంతోషం. ఒక్కో పాటకు ఒకటి రెండు డాలర్లు చేతిలో పెట్టేవారని మాత్రం ఎక్కడా లేదు. పుస్తకం నిండా ఒకే మనిషి పేరుంటే బాగోదని ఆ పాటలు దాదాపు 200 మారుపేర్లతో అచ్చయ్యాయి. అసలు కథ అక్కడుంటే మీవాళ్లు ఆవాల దగ్గరే ఆగిపోయారు.

పైగా ఆవిడ రాసిన 'బ్లెస్డ్ అష్యూరెన్స్' పాటకు బాణీ కూడా ఆవిడే కట్టిందని రాసేశారు. 1873లో ఆ బాణీ కట్టింది ఆమె స్నేహితురాలు ఫీబీ న్యాప్, అది వాయించి వినిపించాకే ఫ్యానీకి మాటలు తట్టాయి. ఆమె పాటలకు బాణీలు కట్టిన విలియం డోన్ ఊసే లేదు. 1868లో ఆయన రైలుకు నలభై నిమిషాలే టైముందంటూ వచ్చి బాణీ వినిపిస్తే, 'సేఫ్ ఇన్ ది ఆర్మ్స్ ఆఫ్ జీసస్' మొత్తం మనసులోనే కట్టుకుని, నోటితో చెప్పి రాయించి, రైలు తప్పిపోకుండా ఆయన్ని పంపించింది. ఇంత మంచి ముచ్చట వదిలేస్తారా ఎవరైనా?

మిమ్మల్ని ఒక్కరినీ అని ఏం లాభం లెండి. మా ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో రాగం, తాళం, రాసినవారి పేరు అచ్చువేసేవారు. పురుషోత్తం చౌదరి గారి పేరు మాకు చిన్నప్పుడు అలాగే తెలిసింది. ఇప్పుడు నగరంలో కాస్త పెద్ద చర్చికి ఎక్కడికి వెళ్లినా గోడంత ఎల్‌ఈడీ తెర, వెనక జలపాతం దూకుతుంటుంది, దాని మీద పసుపు అక్షరాల్లో పల్లవి. రాసిన మనిషి పేరుకే జాగా ఉండదు. యూట్యూబ్‌లో ఇంకా ఘోరం, పాడినవాళ్లు, కీబోర్డు, మిక్సింగ్, డ్రోన్ కెమెరా తిప్పిన కుర్రాడు, అందరి పేర్లూ వస్తాయి, పాట రాసిందెవరో దగ్గరకొచ్చేసరికి 'ట్రెడిషనల్' అని ఒక్క ముక్క. ఈ ట్రెడిషనల్ గారెవరో గానీ చాలానే రాశారు!

ఇక సర్కారు వారు. డిసెంబరు వస్తే హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో క్రిస్మస్ విందు, చౌరస్తాకో ఫ్లెక్సీ. దాని మీద ఎమ్మెల్యే గారు, కార్పొరేటరు గారు, కాబోయే కార్పొరేటరు గారు, మూలన ఓ చిన్న నక్షత్రం. పాత కీర్తనకారుల పాటలతో ఒక సాయంత్రం పెడదామని మేం ఒక ప్రభుత్వ హాలు అడగడానికి పోతే, అక్కడి ఆఫీసరు మొదట అడిగిన ప్రశ్న, 'ముఖ్య అతిథి ఎవరు?' రాసినవాళ్లు ఎప్పుడో పోయారు సార్, పిలవలేం అని చెప్పొచ్చాం. ఫైలు ఇప్పటికీ కదల్లేదు.

వచ్చే ఆదివారం ఫీబీ న్యాప్, విలియం డోన్ పేర్లతో సవరణ వేయండి. చోటు లేదంటారా, రాశిఫలాల్లో ఒక రాశి తగ్గించండి, మా ఇంట్లో ఎవరూ ఏమీ అనుకోరు.

— ఒక కాయర్ మాస్టారు, మారేడ్‌పల్లి, సికింద్రాబాద్