మన డాబాకి తెల్ల రంగు గురించి

అందరికీ నమస్కారం. నిన్న మధ్యాహ్నం మూడింటికి ఆరేసిన బట్టలు తేవడానికి చెప్పుల్లేకుండా డాబా మీదకెళ్లాను. నాలుగడుగులు కూడా వెయ్యలేకపోయాను. ఐదో అంతస్తులో పిన్నిగారింట్లో రాత్రి పదకొండుకి కూడా స్లాబు చేత్తో ముట్టుకుంటే వేడిగానే ఉంది. పగలంతా తాగిన ఎండని రాత్రి ఇంట్లోకి వదులుతోంది. పాపం, ఆవిడకి నిద్రే లేదు.

దీనికి దారి మన ఊరి పరిశోధనలోనే ఉంది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ, అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్ కలిసి ఇక్కడి ఆఫీసు భవనాల మీదే కొలిచి చూశాయి. మామూలు కాంక్రీటు కప్పుకి తెల్ల పూత వేస్తే ఏసీల కరెంటు వాడకం 10 నుంచి 19 శాతం తగ్గుతుందని అంచనా వేశాయి. నల్ల కప్పు మీదైతే 14 నుంచి 26 శాతం తగ్గినట్టు కొలతల్లో తేలింది. ఈ ఫలితాలు 2012లో అచ్చయ్యాయి. ఆఫీసు లెక్క మన ఫ్లాట్లకి అచ్చంగా సరిపోదు, కానీ ఎండ ఒకటే కదా.

ఇలాంటి పనుల ఆధారంతోనే 2023 ఏప్రిల్‌లో తెలంగాణ కూల్ రూఫ్ (ఎండని తిప్పికొట్టే కప్పు) పాలసీ వచ్చింది. 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పుని ఇలా మార్చాలని లక్ష్యం, అందులో 200 హైదరాబాద్‌లోనే. 600 గజాలు, అంతకు మించిన స్థలంలో కట్టే కొత్త ఇళ్లకి తప్పనిసరి. మనది పాత బిల్డింగే, అయినా వేయించుకుందాం.

మామూలు సున్నం కాదు, ఎండని తిప్పికొట్టే పూత కావాలి. తెలిసిన పెయింటర్ ఉంటే నంబర్ నాకు పంపండి. ఆదివారం ఉదయం ఎనిమిదింటికి డాబా మీదే కలుద్దాం.