ఫ్లూ టీకా: ఏటా ఎందుకంటే...

సంపాదకులకు,

నాకు 66 ఏళ్లు, షుగర్ ఉంది. కిందటి వానాకాలం ఫ్లూతో వారం రోజులు మంచం పట్టాను. దగ్గయితే నెల దాకా వదల్లేదు. ఈసారి ముందే టీకా వేయించుకుంటానంటే ఇంట్లో ఒకటే వాదన: ‘బీసీజీ (క్షయ టీకా) ఏటా వేస్తారా? దీనికెందుకు?’

ఫ్లూ వైరస్ ఊసరవెల్లి లాంటిది, రూపం మార్చుకుంటూనే ఉంటుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏటా ఫిబ్రవరిలో ఉత్తరార్ధ గోళానికి, సెప్టెంబరులో దక్షిణార్ధ గోళానికి టీకాలో ఏ రకాలు ఉండాలో సూచిస్తుంది. పైగా టీకా ఇచ్చే రక్షణ కూడా నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది. కాబట్టి షాపులో ‘పాత స్టాకుంది, వేసేయమంటారా?’ అంటే ఒప్పుకోకండి (నన్ను అడిగారు!). ఏ సీజన్‌దో, గడువు ఎప్పటిదాకానో పెట్టె మీద చూడండి.

టీకా వేయించుకుంటే ఫ్లూ అసలు రాదని కాదు. వచ్చినా న్యుమోనియా దాకా, ఆసుపత్రి దాకా పోయే ముప్పు తగ్గుతుంది. నా వయసులో అది చిన్న విషయం కాదు. ఇంజెక్షన్‌లో ఉండేది చచ్చిన వైరస్, దానితో ఫ్లూ రాదు. చెయ్యి నొప్పి, ఒకటి రెండు రోజులు ఒళ్లు వెచ్చబడటం మామూలే. టీకా పని చేయడానికి రెండు వారాలు పడుతుంది కనుక వానలు ముదరక ముందే వేయించుకోవడం మేలు. గుడ్డు అలర్జీ లాంటివి ఉన్నవారు డాక్టరుకు ముందే చెప్పాలి.

నా బాధల్లా ఖర్చే. ఈ టీకా జాతీయ ఉచిత టీకాల జాబితాలో లేదు. పింఛనుదారు కొంటాడేమో, కూలికెళ్లే గర్భిణి ఎక్కడ కొంటుంది? కనీసం గర్భిణులకు, వృద్ధులకు, షుగర్, ఆస్తమా రోగులకు ఏటా మే, జూన్ నెలల్లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా వేయించాలని రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలను కోరుతున్నాను.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, ఖమ్మం