విద్యాశాఖ మంత్రి గారికి: స్పానిష్, ఇటాలియన్ చదువును సర్టిఫికెట్ కోర్సు దగ్గరే ఆపకండి

గౌరవనీయులైన తెలంగాణ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను వరంగల్ దగ్గర పల్లె నుంచి వచ్చి హైదరాబాద్‌లో స్పానిష్ ఎం.ఏ. చేశాను. తర్వాత ఇటాలియన్ కూడా కొంత నేర్చుకున్నాను. ఇప్పుడు పాఠాలు, అనువాదాలే నా బతుకుదెరువు. మన రాష్ట్ర యూనివర్సిటీల్లో ఈ రెండు భాషలనూ సాహిత్యంతో సహా పూర్తి డిగ్రీగా పెట్టమని, తెలుగులోకి అనువాదం అందులో ఒక పేపరుగా ఉంచమని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

నా మొదటి క్లాసులో టీచర్ బోర్డు మీద 'మె గుస్తా ఎల్ మాంగో' అని రాశారు. ఇంగ్లీషు మీడియం పిల్లలు 'ఐ లైక్'లోని 'ఐ' ఏమైందని వెతుక్కుంటున్నారు. నా పక్కనున్న జనగామ అమ్మాయి మెల్లగా, "నాకు మామిడిపండు నచ్చుతుంది, అంతే కదా" అంది. నిజంగా అంతే. ఇటాలియన్‌లో 'మి పియాచె' అన్నా 'నాకు నచ్చుతుంది' అనే. మనం 'వస్తాను' అంటే అందులోనే 'నేను' ఉన్నట్టు, వాళ్ల క్రియల్లోనూ కర్త ఇమిడే ఉంటాడు. ఇంగ్లీషు రాదన్న టెన్షన్ ఆ రోజే నాకు సగం పోయింది.

ఇక సాహిత్యం. 1321లో కన్నుమూసిన ఇటాలియన్ కవి డాంటే తన మహాకావ్యం 'డివైన్ కామెడీ'లో తాను ప్రేమించిన బియాత్రిచెతో స్వర్గం దాకా 'వోయ్' అనే, అంటే 'మీరు' అనే మాట్లాడతాడు. చివరికి ఆమె స్వర్గంలో పైనున్న తన ఆసనం మీద కూర్చున్నాక, ఆమెను వేడుకుంటూ 'తు' అంటాడు. నువ్వు! నేటి ఇంగ్లీషులో రెండూ 'యూ' అయిపోతాయి. మనకు విడమరిచి చెప్పాల్సిన పనే లేదు. పెద్దవాళ్లను మీరు అంటాం, దేవుణ్ణి నువ్వు అంటాం. ఇంగ్లీషు మీదుగా తెలుగు చేసేవాళ్ల కంట ఈ మార్పు పడదు. స్పానిష్ సాహిత్యం మనకు చాలావరకు ఆ దారినే వచ్చింది.

హైదరాబాద్‌లో 1958లో మొదలైన సంస్థే నేటి ఇఫ్లూ (ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ). అక్కడ ఈ రెండు భాషలూ నేర్పుతారు. కానీ అది కేంద్రీయ విశ్వవిద్యాలయం, ఉన్న సీట్లకు దేశమంతా పోటీ. 2020 జాతీయ విద్యా విధానం హైస్కూల్లో నేర్పదగ్గ విదేశీ భాషల్లో స్పానిష్ పేరు రాసింది. మరి ఆ టీచర్లు ఎక్కడ తయారవుతారు?

కొన్నాళ్లు ఒక డిగ్రీ కాలేజీలో గంటల లెక్కన జీతానికి ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు చెప్పాను. హోటల్లో గది అడగడం, ఫోన్ ఎత్తి మాట్లాడటం, అంతే సిలబస్. ఉద్యోగాలకు అది అవసరమే, కాదనను. ఒక రోజు ఒక అబ్బాయి "మేడం, వీళ్లకు కథలు ఉండవా?" అని అడిగాడు. రెండు పేజీల కథ ఒకటి జిరాక్స్ తీయించి ఇచ్చాను. మొదటి లైన్లోనే 'అబువేలా' అన్న మాట దగ్గర గొడవ. అమ్మమ్మా, నానమ్మా? స్పానిష్‌లో ఇద్దరికీ ఒకటే మాట. తెలుగులో తేల్చక తప్పదు. ఆ ముసలావిడ ఎవరి తల్లో పట్టుకోవడానికి పిల్లలు కథంతా మూడుసార్లు చదివారు. బెల్లు కొట్టినా ఎవరూ లేవలేదు. చివరి పేరాలో ఆమె కొడుకు ఉత్తరం దొరికింది, అతనే కథ చెప్పే పిల్లాడి నాన్న. నానమ్మే! తర్వాతి ఏడాది అడ్మిషన్లు చాలలేదని ఆ కోర్సు ఎత్తేశారు.

ఉస్మానియా, కాకతీయలతో మొదలుపెట్టండి. గెస్ట్ ఫ్యాకల్టీతో నడిపించకుండా రెగ్యులర్ పోస్టులు ఇవ్వండి. తెలుగు మీడియం పిల్లలకు తెలుగులోనే వ్యాకరణం చెప్పే పుస్తకాలు రాయించండి. ఆ పని చేయడానికి నాలాంటివాళ్లం సిద్ధంగా ఉన్నాం.

పిల్లలు తెలుగు చేసిన ఆ కథ వాళ్ల చేతిరాతలోనే నా దగ్గర ఉంది. అపాయింట్‌మెంట్ ఇస్తే తెచ్చి చూపిస్తాను.

ఇట్లు,
ఒక స్పానిష్ టీచర్