శ్రీనుకు, మనీలా మధ్యాహ్నపు కబుర్లు

క్యూజాన్ సిటీ, మెట్రో మనీలా

ప్రియమైన శ్రీనూ,

నీ ఉత్తరం అందింది. అమ్మగారి మోకాలి ఆపరేషన్ బాగా జరిగిందని చదివాక మనసు కుదుటపడింది. తొందరపడి మెట్లెక్కవద్దని నేను మరీ మరీ చెప్పానని చెప్పు. పగలంతా మంచం మీద ఉండి టీవీతోనే కాలక్షేపమని, "అక్కడివాళ్ళు మధ్యాహ్నం పూట ఏ సీరియల్ చూస్తారో వాడిని అడుగు" అన్నారని రాశావు. ఆ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పడం నా వల్ల కాదు. చాలా రోజులుగా నీకు రాయాలనుకుంటున్న విషయం కూడా అదే కాబట్టి తీరిగ్గా కూర్చున్నాను.

ఇక్కడ ఫిలిప్పీన్స్‌లో సీరియళ్ళ వేళ భోజనాలయ్యాక వస్తుంది. పన్నెండు కొట్టగానే అన్నం కంచం ముందు చూసేది వెరైటీ షో. పాటలు, డాన్సులు, హాస్యం, ఆటలు, బహుమతులు అన్నీ అందులోనే, అన్నీ ప్రత్యక్ష ప్రసారం. ఆదివారం తప్ప ప్రతిరోజూ ఉంటుంది. వాటిలో అన్నిటికంటే పాతది 'ఈట్ బులాగా'. 1979 జూలై 30న మొదలై ఇప్పటికీ నడుస్తోంది. ఛానెళ్ళు మారాయి, ప్రభుత్వాలు మారాయి, పిల్లలుగా చూసినవాళ్ళు మనవలను ఒళ్ళో కూర్చోబెట్టుకుని చూస్తున్నారు. ముందు నుంచీ ఉన్న ముగ్గురు మాత్రం ఇంకా ఉన్నారు.

నాది రాత్రి డ్యూటీ కదా, ఆఫీసు నుంచి వచ్చి పడుకుని లేచేసరికి మిట్టమధ్యాహ్నం అవుతుంది. మా వీధి చివర ఒక కరిండెర్యా ఉంది. అద్దాల వెనక గిన్నెల్లో కూరలు వరసగా పెట్టి, మనం వేలితో చూపించింది వడ్డించే చిన్న భోజన హోటల్ అన్నమాట. నడిపే పెద్దావిడను వీధి వీధంతా 'నానాయ్' అనే పిలుస్తుంది, అంటే అమ్మ. టీవీ గోడకు బాగా పైన ఉంటుంది. రిమోట్‌కు నూనె అంటకుండా ప్లాస్టిక్ కవరు చుట్టి, రబ్బరు బ్యాండు వేసి, తన ఏప్రాన్ జేబులోనే ఉంచుకుంటుంది. అది మరొకరి చేతికి ఇవ్వగా నేను చూడలేదు. పన్నెండింటికి ఈట్ బులాగా పాట మొదలవగానే ట్రైసికిల్ (మన ఆటో లాంటి బండి) డ్రైవర్లు, ఎదురు బ్యాంకు సెక్యూరిటీ గార్డు, యూనిఫారాల్లో బడిపిల్లలు, అందరి మెడలూ ఒక్కసారి పైకి లేస్తాయి. నాకు ఇక్కడి తగాలోగ్ భాష వచ్చింది చాలావరకు అక్కడి బల్ల మీదే.

ఆ ముగ్గురి సంగతి చెబుతాను. టీటో సొట్టో, విక్ సొట్టో అన్నదమ్ములు. మూడో ఆయన వాళ్ళ స్నేహితుడు జోయీ డి లియోన్. ముగ్గురి పేర్ల మొదటి అక్షరాలూ కలిపి 'టీవీజే' అంటారు. పాటలకు పేరడీలు కట్టి పాడేవాళ్ళు, టీవీ హాస్యంలో అప్పటికే పేరున్నవాళ్ళు. ఆ రోజుల్లో మధ్యాహ్నం వేళను ఏలుతున్నది 'స్టూడెంట్ క్యాంటీన్' అనే పాత కార్యక్రమం. దానికి పోటీగా ఆర్‌పీఎన్-9 ఛానెల్‌లో వీళ్ళను దింపారు. తినడానికి ఇంగ్లీషు మాట, దాగుడుమూతల్లో పసిపిల్లలను ఉలిక్కిపడేలా చేసే తగాలోగ్ కేక, రెండూ కలిపి పేరు పెట్టింది జోయీ. ఈ సంగతి గుర్తుంచుకో, నలభై ఏళ్ళ తరువాత కోర్టులో దీని మీదే వాదనలు జరిగాయి.

టీటో 1992లో సెనేటర్ అయ్యాడు, తరువాత సెనేట్ అధ్యక్షుడయ్యాడు, 2022లో దేశ ఉపాధ్యక్ష పదవికి పోటీ చేసి ఓడిపోయాడు, 2025లో మళ్ళీ గెలిచి సెనేట్‌కు వెళ్ళాడు. విక్ కొడుకు వీకో 2019 నుంచి పక్కనే ఉన్న పసిగ్ నగరానికి మేయరు. రాజకీయాల సంగతి ఇంతటితో వదిలేస్తాను. నాకు ఇష్టమైనది ఆ కార్యక్రమం నడిచే తీరు.

మొదట అర్థం చేసుకోవలసింది, ఈ షో ఛానెల్ సొంతం కాదు. 'టేప్' అనే నిర్మాణ సంస్థ ఛానెల్ దగ్గర స్లాట్ కొనుక్కుని, ప్రకటనలు తనే అమ్ముకునేది. అందుకే మకాం మార్చగలిగింది. 1986లో దేశాధ్యక్షుడు మార్కోస్ గద్దె దిగాక టీవీ రంగమంతా తలకిందులైంది. 1989 ఫిబ్రవరిలో ఏబీఎస్-సీబీఎన్‌కు వెళ్ళారు. ఆ ఛానెల్ షో హక్కులు తనకు కావాలని అడిగేసరికి ఒప్పుకోక, 1995 జనవరిలో జీఎంఏకు మారారు. అక్కడ ఇరవై ఎనిమిదేళ్ళు ఉన్నారు. మూటాముల్లె సర్దుకుని వెళ్ళిన ప్రతిసారీ జనం వెంట నడిచారు.

ఇక ఆటలు. 'పినోయ్ హెన్యో' అని ఒకటి ఉంది, అమ్మగారికి తప్పకుండా నచ్చుతుంది. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుంటారు. ఒకరి నుదుటికి పట్టీ కట్టి దాని మీద ఒక మాట అతికిస్తారు. అది పెట్టుకున్నవారికి తప్ప అందరికీ కనిపిస్తుంది. వాళ్ళు ప్రశ్నలు వేస్తూ పోవాలి. ఎదుటివారు మూడే మూడు జవాబులు చెప్పాలి: 'ఓఓ' అంటే అవును, 'హిందీ' అంటే కాదు, 'ప్వెదే' అంటే కావచ్చు. గడువు రెండు నిమిషాలు. మనిషా, వస్తువా, జంతువా, తినేదా, చోటా అని మొదలుపెట్టి వల బిగించుకుంటూ రావాలి. ఖరీదైన సెట్టు అక్కర్లేదు, చదువు అక్కర్లేదు. దేశంలో ఎవరింట్లోనైనా ఆడుకోవచ్చు, ఆడుతున్నారు కూడా.

ఒకసారి ప్రకటనలు వస్తుండగా నానాయ్ కూతురు ఒక ట్రైసికిల్ డ్రైవర్ నుదుటికి బిల్లు కాగితం అంటించింది. దాని మీద 'బాంగుస్' అని రాసింది. ఇక్కడివాళ్ళు ప్రాణం పెట్టే చేప అది. జంతువా అన్నాడు. ప్వెదే. తినేదా? ఓఓ. కోడా? హిందీ. పందా? హిందీ. అతని చెయ్యి ఆనుకుని ఉన్న అద్దం వెనకే బాంగుస్ వేపుడు పెట్టి ఉంది. హోటల్ అంతా ఊపిరి బిగబట్టింది. ముళ్ళున్నదా అని అడిగి, ఓఓ అనగానే కళ్ళు పక్కకు తిప్పి చూశాడు. అతను "బాంగుస్!" అని అరిచిన అరుపుకు గిన్నెల మూతలు కదిలాయి. నానాయ్ ఆ పూట అతనికి ఆ చేప డబ్బు తీసుకోలేదు.

ఇంకొకటి నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది 'సుగోద్ బహాయ్', అంటే ఇంటి మీదికి దండెత్తడం. హోసే మనాలో, వాలీ బయోలా, పావులో బాలెస్టెరోస్ అనే ముగ్గురు హాస్యనటులు కెమెరాలు వేసుకుని ఏదో ఒక బరాంగాయ్‌కు, అంటే మన వార్డు వంటి చోటికి వెళతారు. లాటరీలో పేరు వచ్చిన వ్యక్తి ఇంటికే నేరుగా పోతారు. రేకుల ఇల్లు కావచ్చు, మురుగు కాలువ పక్కన కావచ్చు, మనిషి పక్కకు తిరిగితే తప్ప పట్టని సందు కావచ్చు. నగదు, స్పాన్సర్ల వస్తువులు ఇస్తారు. అంతకుముందు కూర్చోబెట్టి ఇంటి సంగతులు అడుగుతారు. భర్త సౌదీలో ఉన్నాడని, పిల్ల చదువు ఆగిందని ఆ మనిషి చెబుతుంటే అప్పటిదాకా కోతి చేష్టలు చేసినవాళ్ళు నోరు మూసుకుని వింటారు.

నువ్వు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు: పేదల కష్టాలను టీవీలో చూపించి బహుమతి ఇవ్వడం న్యాయమా? నాకూ ఆ బాధ ఉంది. 2006 ఫిబ్రవరి 4న పసిగ్‌లో, మరో ఛానెల్‌వాళ్ళ 'వోవోవీ' అనే షో మొదటి వార్షికోత్సవానికి వేలాదిమంది స్టేడియం బయట గుమికూడారు. గేటు దగ్గర తొక్కిసలాటలో 70 మందికి పైగా చనిపోయారు. చాలామంది ఆడవాళ్ళు, వయసు మళ్ళినవాళ్ళు. బహుమతి వస్తే బతుకు మారుతుందని రోజుల తరబడి వరసలో నిలబడినవాళ్ళు వాళ్ళు. ఆ ఆశను పిలిచి గేటు దగ్గర నిలబెట్టిన పద్ధతిని నేను ఎప్పటికీ సమర్థించను. బహుమతే గడప దాకా నడిచి వెళ్ళాలన్న ఆలోచన నాకు అందుకే నచ్చింది. ఆ ఇంటివాళ్ళను ఎగతాళి చేయకుండా వాళ్ళతో కలిసి నవ్వడమన్నది ఆ ముగ్గురికీ చేతనైన విద్య.

సరిగ్గా ఆ వీధి కార్యక్రమం నుంచే 2015లో దేశాన్ని ఊపేసిన కథ పుట్టింది. ఫోనులో పాటలకు పెదవులు కదిపే వీడియోలతో పేరు తెచ్చుకున్న మెయిన్ మెండోజా అనే అమ్మాయిని తీసుకొచ్చి, ఆడవేషం కట్టిన వాలీకి, అంటే లోలా నిడోరా అనే ముసలమ్మకు, 'యాయా డబ్' అనే పనిపిల్లగా పెట్టారు. ఆ అమ్మాయి ముఖం ముడుచుకునే ఉండాలి. జూలై 16న తెర రెండుగా చీలి, స్టూడియోలో ఉన్న నటుడు ఆల్డెన్ రిచర్డ్స్ పక్కన తన ముఖం కనిపించగానే సిగ్గుతో నవ్వేసింది. రాసిపెట్టుకున్న కథ కాదు. ఆ నవ్వు పట్టుకుని రోజూ సాగే ప్రేమకథ అల్లారు. ఇద్దరూ ఒకచోట ఉండరు, నోటితో మాట్లాడుకోరు. తెర మీద అటూ ఇటూ ఉండి పాటలకు పెదవులు కదుపుతారు, అట్టల మీద రాసి చూపించుకుంటారు. ముసలమ్మ విసనకర్ర ఊపుతూ, దేనికైనా తగిన వేళ రావాలని అడ్డం పడుతుంది. పెద్దల మాట, ఓర్పు, మర్యాద అని ఆవిడ రోజూ చెప్పే పాఠాలు నానాయ్‌కి కంఠస్థం. ఆ 'తగిన వేళ' పేరుతోనే అక్టోబర్ 24న బులకాన్‌లోని ఫిలిప్పీన్ అరీనాలో పెద్ద సభ పెడితే, యాభై వేలకు పైగా మనుషులతో కిటకిటలాడింది. ఆ ఒక్క సందర్భానికి 4 కోట్లకు పైగా ట్వీట్లు వచ్చి గిన్నిస్‌కెక్కింది. టికెట్ల డబ్బు బడుల్లో గ్రంథాలయాలు కట్టడానికి ఇచ్చారు.

ఇక 2023 సంగతి. టేప్ సంస్థలో ఎక్కువ వాటా ఉన్నవాళ్ళకూ ఈ ముగ్గురికీ మధ్య పొరపొచ్చాలు ముదిరాయి. మే 31న స్టూడియోకు వచ్చినవాళ్ళను ప్రత్యక్ష ప్రసారం చేయనివ్వలేదు, పాత ఎపిసోడ్ వేశారు. దాంతో వాళ్ళు ఇంటర్నెట్ లైవ్‌లోకి వచ్చి, సంస్థను వదిలి వెళుతున్నామని కన్నీళ్ళతో చెప్పారు. హోటల్ టీవీలో పాత ఎపిసోడ్ నవ్వులు, బల్ల మీద ఒక డ్రైవర్ ఫోనులో ఆ వీడ్కోలు, రెండూ ఒకేసారి వినిపించాయి. నానాయ్ గరిటె పట్టుకుని వచ్చి ఫోను చుట్టూ చేరిన గుంపులో నిలబడింది.

జూన్‌లో అదే పేరుతో, అదే ఛానెల్‌లో, అదే వేళకు కొత్త యాంకర్లు వచ్చారు. వాళ్ళ తప్పేమీ లేదు, ఒళ్ళు దాచుకోకుండా పని చేశారు. జూలై 1న టీవీజే తమ బృందంతో టీవీ5లో దిగారు. పేరు వాడుకునే వీలు లేక 'ఈ.ఏ.టీ.' అని పెట్టుకున్నారు. ఆ రోజు నానాయ్ రిమోట్ తీసి టీవీ5 పెట్టింది, ఇక మార్చలేదు. అంతేనా, టీవీ5లో ఆ వేళ ఖాళీ చేసిన 'ఇట్స్ షోటైమ్' అనే మరో మధ్యాహ్నపు షో అదే రోజు జీఎంఏ వారి జీటీవీలోకి వెళ్ళింది. ఏబీఎస్-సీబీఎన్ వారి షో, దశాబ్దాల పోటీదారు ఇంట్లో! 2020లో ఆ సంస్థకు ప్రసార అనుమతి పొడిగించకపోవడం వల్ల వచ్చిన పరిస్థితి అది.

2024 జనవరి 5న మరికినా కోర్టు తీర్పు వచ్చింది. పేరు పుట్టించింది జోయీ, హక్కు టీవీజేది, టేప్ దాన్ని వాడకూడదు అని. మర్నాడే టీవీ5లో పాత పేరు తిరిగి వచ్చింది. టేప్ వారి షో కొత్త పేరుతో రెండు నెలలు నడిచి మార్చిలో ఆగిపోయింది. దాన్నే నమ్ముకున్న లైట్‌బాయ్‌లు, డాన్సర్లు ఏమయ్యారోనని నాకు ఇప్పటికీ గుబులుగా ఉంటుంది. వాళ్ళ పేర్లు ఏ తీర్పులోనూ ఉండవు కదా.

నా మటుకు అసలు తీర్పు కోర్టు కంటే ఆరు నెలల ముందే వచ్చేసింది. ఎవరి పేరు ఎవరిదో కాగితాల్లో తేలేలోపే కరిండెర్యాల్లో, రోడ్డు పక్క కిరాణా కొట్లలో, జీప్నీలనే చిన్న బస్సుల స్టాండ్లలో జనం ఛానెల్ మార్చేశారు. పాటలు, బహుమతులు రెండు చోట్లా ఉన్నాయి. రోజూ అన్నం వేళకు వచ్చి, నాలుగు తరాల ఇళ్ళల్లో తిరిగిన మనుషులు ఒకచోటే ఉన్నారు. మీ అమ్మగారు సుమ నవ్వు కోసమే 'స్టార్ మహిళ' పెట్టుకునేవారు కదా, ఆవిడకు నేను వేరే చెప్పక్కర్లేదు.

చాలా రాశాను. పినోయ్ హెన్యో మీ ఐదో తరగతి పిల్లలతో ఆడించు. హెయిర్ బ్యాండు, చీటీలు ఉంటే చాలు. మాటలు మాత్రం వాళ్ళకు తెలిసినవే పెట్టు: రోకలి, గోదావరి, పోస్టుమాన్, పుల్లట్టు, అలాంటివి. జవాబు చెప్పేవాళ్ళు అవును, కాదు, కావచ్చు తప్ప నోరు విప్పకూడదు, సైగలు చేయకూడదు. ముందు అమ్మగారితో ఆడి చూడు, కూర్చున్నచోటే ఆడవచ్చు కాబట్టి మోకాలికి ఇబ్బంది లేదు. ఎవరు గెలిచారో, ఏ మాట దగ్గర చిక్కుకున్నారో రాయి. నానాయ్ కూతురికి చెబుతానని మాటిచ్చాను.

నీ
ప్రసాద్